తాతగారి బయోనెట్: బఫ్ కొట్టించాలా, నల్లగానే ఉంచాలా?

కోటవీధి:
విశాఖ వన్‌టౌన్‌లో మా పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ట్రంకుపెట్టెలో తోలు ఒరతో సహా ఒక బయోనెట్ (తుపాకీ చివర తగిలించే కత్తి) దొరికింది. అమ్మ వాళ్ల తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్) వెళ్లొచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు, ఆయనదే అయ్యుండాలి. బ్లేడు సుమారు 12 అంగుళాలు, మీద గాడి దాదాపు మొన దాకా ఉంది. పిడి దగ్గర కిరీటం, కింద 1907 అని కనిపిస్తున్నాయి. మిగతా అక్షరాలు తుప్పులో కలిసిపోయాయి. పాత సామాన్లు కొనే ఒకాయనకి చూపిస్తే, "ఎవరో కోసేశారు, దీనికి రేటు రాదు, పాలిష్ పెట్టించి తెండి చూద్దాం" అన్నాడు. మా బావ అసలు ముట్టుకోవద్దంటున్నాడు. ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

ఆటోనగర్ లేత్:
ఇందులో ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ. బఫింగ్ వీల్ మీద పెడితే అరగంట పని, అద్దంలా వస్తుంది. అంచు కూడా పట్టించుకో. తుప్పు పట్టిన ఇనుమును గాజు పెట్టెలో పెట్టి దణ్ణం పెట్టుకోవడం నాకు అర్థం కాదు.

ఇనపపెట్టె:
అన్నా, దయచేసి ఆ సలహా ఇవ్వకు. దీని విలువంతా పిడి పక్కన చదునుగా ఉన్న ఆ రెండు అంగుళాల ఇనుములోనే ఉంది. వీల్ మొదట తినేసేది దాన్నే.

కోటవీధి గారూ, 1907 అనేది తయారైన సంవత్సరం కాదు, ఆ మోడల్ పేరు. అప్పటి బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ తుపాకీకి తగిలించే బయోనెట్ ఇది. తయారైన నెల, సంవత్సరం దాని కింద చిన్న అంకెల్లో ఉంటాయి, 2 పక్కన 18 ఉంటే 1918 ఫిబ్రవరి అని. అక్కడే తయారీదారు పేరు ఉంటుంది: విల్కిన్సన్, శాండర్సన్, చాప్‌మన్, లేదా మన బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అయితే ఆర్.ఎఫ్.ఐ. రెండో వైపు ఎక్స్ గుర్తు ఉంటే బ్లేడును వంచి పరీక్షించారని. బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తి అని. బాణం కింద ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు బాణాలు మొనలు కలుపుకొని ఉంటే ప్రభుత్వమే బయటికి అమ్మేసిందని.

ఇక "కోసేశారు" సంగతి. అసలు బ్లేడు 17 అంగుళాలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇండియన్ ఆర్మీ కోసం వీటిని 12 అంగుళాలకు కుదించారు. పొడవు బ్లేడులో గాడి మొనకు చాలా ముందే ఆగిపోతుంది, కుదించినవాటిలో మీరు చెప్పినట్టు మొన దాకా వస్తుంది. కాబట్టి మీ కొనేవాడు చెప్పినట్టు ఇదేం పాడైన సరుకు కాదు. కానీ ఇంకో చిక్కుంది. మెసపొటేమియా నుంచి వచ్చిన తాతగారి దగ్గర 1940ల్లో కుదించిన బ్లేడు ఎలా ఉంటుంది? ఇంట్లో ఆ తర్వాతి తరంలో ఎవరైనా ఆర్మీలో చేశారేమో అడగండి.

ఆటోనగర్ లేత్:
సరే, గుర్తులున్న చోట టేపు అంటించి మిగతాది కొట్టిస్తా, అప్పుడేం పోయింది? నాకు ఒక్క మాట చెప్పండి. ఆ సిపాయి దీన్ని రోజూ తుడిచి, ఇన్‌స్పెక్షన్‌కి తళతళలాడిస్తూ చూపించాడా లేదా? తుప్పు మచ్చ ఉంటే పనిష్‌మెంట్ తినేవాడు. ఆయన మెరిపించినదాన్ని మీరు నలుపు చేసి చరిత్ర అంటున్నారు. ఇది గౌరవమా?

ఇనపపెట్టె:
ఈ ప్రశ్న బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆయన తుడిచింది నూనె గుడ్డతో. మీ వీల్ ఇనుమునే తీసేస్తుంది. టేపు వేస్తే గుర్తుల చుట్టూ గట్టులా లేస్తుంది, చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. అంచు మాట అసలు ఎత్తకండి. శాంతికాలంలో వీటికి పదును పెట్టేవాళ్లు కాదు, యుద్ధానికి బయల్దేరేటప్పుడే పెట్టేవాళ్లు. ఆ పాత రాపిడి గీతలు ఉంటే అవి కూడా సాక్ష్యమే. కొత్తగా పట్టిస్తే అది పోతుంది, ధర కూడా పడుతుంది. నా సలహా ఒక్కటే: ఏమీ చెయ్యకండి, ఉన్నది ఉన్నట్టే ఉంచండి.

డాక్‌యార్డ్ రిటైర్డ్:
ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఉద్యోగమంతా ఇనుముకీ సముద్రానికీ మధ్య గడిచినవాణ్ణి. "ఏమీ చెయ్యకండి" అనేది పొడి గాలి ఉన్న ఊళ్లలో రాసుకున్న సలహా బాబూ. ఇది విశాఖ. వన్‌టౌన్ అంటే హార్బర్ పక్కనే. గాలిలో ఉప్పు తుప్పు పొరల కిందికి చేరి తేమను లాగుతూనే ఉంటుంది. మీరు నిద్రపోతున్నా అది పని చేస్తూనే ఉంటుంది. పదేళ్లు అలా వదిలేస్తే మీరు కాపాడాలంటున్న ఆ అంకెలే పోతాయి.

నల్లగా గట్టిగా అంటుకున్న పొరని వదిలెయ్యండి, అది బ్లేడుకి కాపలా. ఎర్రగా పొడి రాలేది మాత్రం తియ్యాలి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి బాగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే హెయిర్ డ్రయర్‌తో పూర్తిగా ఆరబెట్టండి. తర్వాత పల్చటి మెషీన్ ఆయిల్ రాసి నాననివ్వండి. ఎర్ర తుప్పును ఇత్తడి ముక్కతో మెల్లగా గీకండి. ఇత్తడి ఉక్కు కంటే మెత్తన, గీత పడదు. మిగిలితే నాలుగు సున్నాల (0000, బాగా సన్నటి రకం) స్టీల్ ఉల్, అదీ నూనెతోనే, చేయి బరువు వెయ్యకుండా. ఎమరీ పేపరు ఇంట్లోనే ఉండకూడదు. ఆఖర్న నూనె తుడిచేసి మైక్రోక్రిస్టలిన్ మైనం పల్చగా. నూనె అలాగే వదిలితే దుమ్ము పడుతుంది, ఆ దుమ్ము తేమను పట్టుకుంటుంది.

ముఖ్యమైనది మర్చిపోయా. బ్లేడును ఒరలో పెట్టి దాచొద్దు. తోలును శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలూ, అది పీల్చిన తేమా కలిసి లోపల్నుంచి తినేస్తాయి. రెండూ పక్కపక్కన, విడిగా.

కోటవీధి:
మాస్టారూ, అమ్మ చింతపండు నానబెట్టి సిద్ధంగా ఉంది. దేవుడి ఇత్తడి సామాన్లకి అదేగా అంటోంది.

డాక్‌యార్డ్ రిటైర్డ్:
అమ్మగారికి నమస్కారం చెప్పి ఆ గిన్నె వంటింట్లోకి పంపెయ్యండి. పులుపు తుప్పుతో పాటు ఉక్కునీ కొరుకుతుంది.

ఇనపపెట్టె:
ఎర్ర తుప్పు వరకు మాస్టారి మాటకు ఒప్పుకుంటున్నా. స్టీల్ ఉల్ మాత్రం గుర్తుల మీదికి తేవద్దు, అక్కడ ఇత్తడీ ఓపికా చాలు.

లా పాయింట్:
అందరూ తుప్పు దగ్గరే ఆగిపోయారు. ఆయుధాల నిబంధనల జాబితాలో బయోనెట్ పేరు పెట్టి మరీ ఉంది. 1959 ఆయుధాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం, తుపాకులు కాని ఆయుధాలు దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు కావాల్సింది కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే. మీ ఏరియా సంగతి పోలీస్ స్టేషన్‌లో అడిగితే టెన్షన్ ఉండదు. అలాగని బీచ్ రోడ్డులో చేతబట్టి రీల్స్ తీస్తే వేరే కథ. ఇంకొకటి, 1972 పురావస్తువుల చట్టంలో చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువుకి వందేళ్లు నిండితే పురావస్తువు లెక్క, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. విదేశాల నుంచి ఎవరైనా ఆన్‌లైన్‌లో మంచి రేటు చెప్పారని పార్సిల్ కట్టొద్దు.

భీమిలి గాలి:
అమ్మడం ఎందుకు, బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియానికి ఇచ్చేస్తే పోలా? 1942లో జపాన్ వాళ్లు మన ఊరి మీద వేసిన బాంబు షెల్ అక్కడే ఉంది, దాని పక్కన బాగుంటుంది.

ఇనపపెట్టె:
ఇవ్వొచ్చు, కానీ ఇలాంటివి లక్షల్లో తయారయ్యాయి, దీన్ని బయట పెడతారన్న గ్యారంటీ ఏంటి? ముందు ఇది ఎవరిదో తేల్చండి. డిశ్చార్జి కాగితమో, యూనిఫాంలో ఫొటోనో దొరికితే బయోనెట్‌తో కలిపి ఉంచండి. నా దృష్టిలో పాలిష్ కంటే ఆ కాగితమే విలువ పెంచుతుంది. కాగితం లేకపోతే అర కిలో కూడా తూగని ఇనుమే కదా, కొనేవాడి దృష్టిలో.

కోటవీధి:
మాస్టారు చెప్పినట్టే చేశా. బావ పక్కనే కూర్చుని కాపలా కాశాడు. అక్షరాలు బయటపడ్డాయి: 5, పక్కన 18. రెండో వైపు బాణం, కింద ఐ. పిడి చివర చిన్న గుండ్రటి రంధ్రం కూడా ఉంది. మొనలు కలిసిన బాణాలు లేవు. అమ్మని మళ్లీ అడిగితే, వాళ్ల చిన్నాన్న 1943లో ఆర్మీలో చేరారట, ఆ పెట్టె ఆయనదేనట! మెసపొటేమియా తాతగారికి దీంతో సంబంధం ఉన్నట్టు లేదు.

ఇనపపెట్టె:
అన్నీ కుదిరాయి. ఆ రంధ్రం 1916 నుంచి పెట్టారు. 1918 మేలో పుట్టి, రెండో యుద్ధంలో పొట్టిదై, మీ చిన్నతాతగారి నడుముకి చేరింది. అమ్మేసిన గుర్తు లేదంటే ఎలా ఇంటికొచ్చిందో ఆయనే చెప్పాలి.

ఆటోనగర్ లేత్:
చదివించారు, బాగుంది. నేనైతే ఇప్పటికీ మెరిపించేవాణ్ణే. చుట్టాలొచ్చి "ఈ నల్ల కత్తేంటి" అంటే ఇదంతా ఎవరు చెప్తారు?

కోటవీధి:
బావ చెప్తాడు అన్నా, ఆపమన్నా ఆపడు. మాస్టారూ, ఒర తోలు పెళుసుగా ఉంది, కొబ్బరినూనె రాయనా?

డాక్‌యార్డ్ రిటైర్డ్:
ఏ నూనే వద్దు. పాత తోలు నూనె తాగితే మెత్తబడి కుట్లు ఊడతాయి, పైగా మన తేమకి బూజు. పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, లోపల ఆమ్లం లేని కాగితం వదులుగా చుట్టి పెట్టండి. పిడి చెక్కకి మాత్రం లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) ఒక్క చుక్క, గుడ్డతో. స్క్రూలు విప్పొద్దు.