కొండ ప్రసాదం చేతిలో పెట్టారు, తినాలా వద్దా?

రేణిగుంట తమ్ముడు:
అందరికీ వందనాలు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తున్నాను. మా సెక్షన్‌లో క్రైస్తవుణ్ణి నేనొక్కణ్ణే. పోయిన నెల అమ్మకు ఆపరేషన్ జరిగింది. నా పక్క సీటు మేడమ్ నాకన్నా పెద్దావిడ, మోకాళ్ళ నొప్పుల మనిషి. అమ్మ కోసం మొక్కుకుని అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు ఎక్కారు. లడ్డూ నా చేతిలో పెట్టి "అమ్మ పేరు చెప్పి దండం పెట్టుకున్నా" అన్నారు. కాదనలేకపోయాను. తీసుకుని డ్రాయర్‌లో పెట్టేశాను. మూడో రోజు చీమలు పట్టాయి, ఆవిడ చూశారు. ఏమీ అనలేదు గానీ మాటలు తగ్గాయి. నేను చేసింది సరైనదేనా?

చంద్రగిరి పెద్దాయన:
తినకపోవడం సరైనదే నాయనా. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయం చదువు. అంగట్లో అమ్మేదాని గురించి ఆరా తీయకుండా తినమంటాడు పౌలు. ఇది అర్పించినది అని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దంటాడు. ఆవిడ చెప్పి మరీ ఇచ్చింది. నేను 31 ఏళ్ళు గవర్నమెంటు ఉద్యోగం చేశాను. ఆయుధపూజ రోజు బీరువాలకు బొట్లు పెడుతుంటే వరండాలో నిలబడ్డాను. ఒక్క ప్రసాదం ముట్టలేదు.

పీలేరు వాసి:
ఒక సందేహం. పోటులో చేసే లడ్డూలన్నీ స్వామి ముందు పెడతారా? పెట్టకపోతే అది అర్పించినది ఎలా అవుతుంది?

చంద్రగిరి పెద్దాయన:
పోటు అంటేనే గుడి వంటశాల. ఇంక తేడా ఏముంది?

పీలేరు వాసి:
తేడా ఉంది. పౌలు అర్పించినదన్నాడు, గుడిలో వండినది అనలేదు.

నగరి సిస్టర్:
ప్రార్థన చేసుకుని తినండి బ్రదర్. ఆమె ప్రేమతో తెచ్చారు.

పుత్తూరు అక్క:
పెద్దాయన 10వ అధ్యాయం దగ్గరే ఆగారు. 8వ అధ్యాయంలో తింటే ఎక్కువా కాదు, తినకపోతే తక్కువా కాదని రాశాడు. సిరియా సేనాధిపతి నయమాను సంగతి చూడండి. రాజు తన చేతిమీద ఆనుకుని రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, క్షమించమని అడిగితే, ఎలీషా తిట్టలేదు, సమాధానంగా వెళ్ళమన్నాడు. మన చుట్టూ ఉన్నవాళ్ళందరూ కొండకు వెళ్ళేవాళ్ళే. వాళ్ళ మధ్యే బతకాలి.

చంద్రగిరి పెద్దాయన:
నయమాను కొత్తగా నమ్మినవాడు. మనకు మాదిరి దానియేలు. రాజు భోజనం వద్దని పదిరోజులు కూరగాయలతో ఉన్నాడు. ఈ కాలం పిల్లలకు ఆఫీసులో మంచిపేరు కావాలి, అదీ అసలు రోగం.

పుత్తూరు అక్క:
దానియేలు భోజనం వద్దన్నాడు, బెల్తెషాజరని పేరు మార్చితే మాత్రం ఆ పేరుతోనే కొలువు చేశాడు. పేరు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా అన్నా. మీ 31 ఏళ్ళ ఉద్యోగం ఏ సర్టిఫికెట్‌తో వచ్చింది?

పీలేరు వాసి:
అక్కా, లడ్డూ గురించి మాట్లాడుకుందాం.

పుత్తూరు అక్క:
లడ్డూ గురించే మాట్లాడుతున్నా. మా తమ్ముడు బాప్తిస్మం దాచలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. మనకు ఇవ్వలేదు. మావాడు క్రైస్తవులైన ఎస్సీలకు ఇచ్చే బీసీ-సి సర్టిఫికెట్ తీసుకున్నాడు. ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌లో ఉండాల్సినవాడు 1 శాతంలో పడ్డాడు. రెండుసార్లు కొద్ది మార్కుల్లో పోయింది. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. అదే సంఘంలో హిందూ అని రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు ముందు కుర్చీల్లో కూర్చుని, ప్రసాదం తిన్న పిల్లల్ని గద్దిస్తారు. నాకు కడుపు రగులుతుంది.

చంద్రగిరి పెద్దాయన:
నోరు అదుపులో పెట్టుకో అమ్మా. మా నాన్న పశువుల కొట్టం ఊడ్చినవాడు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఊళ్ళో మాకు గ్లాసు విడిగానే పెట్టారు. కులం మమ్మల్ని వదల్లేదు, హోదా మాత్రం వదలాలా? 2025లో మన హైకోర్టు కూడా మతం మారితే ఎస్సీ హోదా ఉండదని చెప్పింది. ఆ తీర్పు చదివిన రాత్రి నిద్రపట్టలేదు.

చంద్రగిరి పెద్దాయన:
పొద్దున అడిగినదానికి జవాబు చెబుతాను. నా సర్వీసు రిజిస్టర్‌లో హిందూ అనే ఉంది. కాగితం మీద ఒప్పుకోలేనిది భోజనం దగ్గరైనా ఒప్పుకోవాలనుకున్నాను. అందుకే 31 ఏళ్ళు ముట్టలేదు. నాకు మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

నగరి సిస్టర్:
అయ్యగారూ, మీ కోసం ప్రార్థిస్తున్నా.

పుత్తూరు అక్క:
మీ బాధ అర్థమైంది అన్నా. ఉత్తర్వు అన్యాయమనే నేనూ అంటాను. కానీ మా తమ్ముడి ఆటో కిస్తీ ఎవరు కడతారు? మీరు ఆ కాగితం గురించి సంఘంలో ఒక్కసారైనా నోరు విప్పి ఉంటే, వాడు ఒంటరివాణ్ణనుకునేవాడు కాదు.

రేణిగుంట తమ్ముడు:
ఇంత దూరం వెళుతుందనుకోలేదు. ఈరోజు మేడమ్‌తో మాట్లాడాను. మా నమ్మకం ప్రకారం తినను, ఆ మాట చెప్పడానికి భయపడ్డాను అన్నాను. "తినకపోతే మా ఇంటికి పంపేదాన్ని కదా, పిల్లలు తినేవాళ్ళు. చీమల పాలు చేశావే" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆదివారం అమ్మను చూడటానికి వస్తామన్నారు. అమ్మ ఆవిడ మోకాళ్ళ కోసం ప్రార్థన చేస్తానంటోంది. ఈసారి ముందే అడుగుతాను, అభ్యంతరం లేదు కదా అని.