హార్మోన్ చికిత్స వెయిటింగ్ లిస్టు: ఫోన్‌లో దొరకనివాళ్లను ఎలా పిలవాలి?

అందరికీ నమస్కారం. అనంతపురంలో ట్రాన్స్‌జెండర్ల వైద్య సేవలో వెయిటింగ్ లిస్టు చూసుకునే పని నాది. హార్మోన్ డాక్టరు గారు నెలకు రెండుసార్లే వస్తారు. గుంతకల్లు, కదిరి, కళ్యాణదుర్గం నుంచి కూడా వచ్చి పేర్లు రాయించుకుంటారు.

అసలు చిక్కు ఫోన్ దగ్గరే. నంబరు మారిపోయి ఉంటుంది, లేదా ఇంట్లో అమ్మదో, హిజ్రా సమూహంలో పెద్దగా ఉండే గురువుదో ఇచ్చి ఉంటారు. పోయిన నెల ఒకమ్మాయికి చేస్తే వాళ్ల నాన్న ఎత్తారు. ఏ పేరుతో అడగాలో తెలియక పెట్టేశాను. నాలుగు నెలలు ఎదురుచూసిన ఆమె స్లాటు ఖాళీగా పోయింది. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకో టెన్షన్, ఆగలేక కొందరు మెడికల్ షాపులో హార్మోన్ మాత్రలు కొని సొంతంగా వేసుకుంటున్నారు. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కదా, వాళ్లను ముందుకు జరపాలా? అప్పుడు ఓపిగ్గా ఆగినవాళ్లకు అన్యాయం కాదా? ఈ వైద్యం అందించే ఏర్పాట్లు ప్రభుత్వం చేయాలని 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. వరుస మాత్రం మనమే పెట్టుకోవాలి.

కర్నూలు, కడపల్లో ఇలాంటి పని చేసేవాళ్లుంటే చెప్పండి. పిలవాల్సిన పేరు, ఫోన్ చేయదగిన వేళ, నమ్మకమైన రెండో నంబరు మొదటిరోజే రాసుకుంటే సరిపోతుందా? చివరి నిమిషంలో మిగిలిన స్లాటు మీరు ఎవరికిస్తారు?