కోణాల వాలు అక్షరాలు తెలుగు జెర్సీకి నప్పుతాయా?

అనంతపురం డిజైనర్
ఇక్కడి క్రికెట్ జట్టు ఒకదానికి జెర్సీ, టోర్నమెంట్ ఫ్లెక్సీ చేస్తున్నాను. ఇంగ్లీషు పేరును మూలలు కోసినట్టుండే, కుడికి వాలిన లావు సాన్స్ (కొసలకు చిన్న అడ్డగీతలు లేని) అక్షరాల్లో పెట్టాం. బాగా కుదిరింది. తెలుగులోనూ అదే ఊపు కావాలని కుర్రాళ్ల పట్టు. జట్టు పేరులో ‘స్ట్రైకర్స్’ ఉంది. తెలుగు అక్షరాలను ఇలా విరిచి వాల్చడం సబబేనా? మా షాపులోనే ఇద్దరు రెండు రకాలుగా చెప్తున్నారు.

కర్నూలు పెయింటర్
వద్దు తమ్ముడూ. నేను బ్రష్‌తో బోర్డులు రాసినవాణ్ణి. మన అక్షరం అందమంతా ఆ గుండ్రనంలోనే ఉంది. తాటాకు మీద గంటంతో నేరుగా గీత లాగితే ఆకు చీలుతుంది, అందుకే అక్షరాలు అలా తిరిగాయని పెద్దలు చెప్తారు. వందల ఏళ్లుగా చెయ్యి తిరిగిన రూపాన్ని స్కేలు పెట్టి విరిస్తే ‘ప’ ఏదో ‘వ’ ఏదో తెలియకుండా పోతుంది.

కడప డీటీపీ
అన్నా, గుండ్రనం ఒక్కటే మన సొత్తంటే ఒప్పుకోను. మీ జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అవి రాసిన బ్రాహ్మీ లిపిలో ‘క’ అంటే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండే గీతలు. ‘గ’ పైన మొన తేలిన రెండు వాలు గీతలు. మన లిపి అక్కడి నుంచే నడిచొచ్చింది. మా వైపు కలమళ్లలో ఉన్న రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిది. తెలుగులో దొరికిన తొలి శాసనమని చెప్పేది దాన్నే. అదీ ఉలితో చెక్కిందే. పనిముట్టు మారితే అక్షరం రూపూ మారుతుంది. ఇప్పుడు మన చేతిలో స్టిక్కర్ షీటును అక్షరాలుగా కోసే వినైల్ కటింగ్ మెషిన్ ఉంది.

కర్నూలు పెయింటర్
శాసనం మాట నిజమే. కానీ ఇవాళ చదివేది బ్రాహ్మీ కాదు కదప్పా. గ్యాలరీలో కూర్చున్న తల్లికి కొడుకు జట్టు పేరు ఒక్క చూపులో అందాలి.

ప్రొద్దుటూరు ఫాంట్లు
మీరిద్దరూ కోణం గురించి వాదిస్తున్నారు. నాకు కనిపించే అసలు చిక్కు వాలు దగ్గరుంది.

ఇటాలిక్, అంటే ఇంగ్లీషు పుస్తకాల్లోని వాలు అక్షరం, నిటారు అక్షరాన్ని పక్కకు తోస్తే వచ్చింది కాదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చేసిన పుస్తకం కోసం అచ్చు అక్షరాలు చెక్కే ఫ్రాన్సెస్కో గ్రిఫో, అప్పటి చేతిరాతను చూసి విడిగా చెక్కిన అక్షరాలవి. నేటి ఆటల లోగోల్లో కనిపించే వాలు సాన్స్ వేరే రకమే, అయినా మంచి ఫాంట్‌లో దాన్నీ మళ్లీ సరిచేసి గీస్తారు. మన షాపుల్లో జరిగేది డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో స్క్యూ కొట్టడం, అంటే నిటారు అక్షరాన్ని అలాగే పక్కకు తోయడం. గుండ్రటి గీతను అలా తోస్తే పై కుడి మూలలో, కింది ఎడమ మూలలో లావెక్కుతుంది, మిగతా రెండు మూలల్లో సన్నబడుతుంది. ఇంగ్లీషులో ‘ఓ’ లాంటి కొన్ని అక్షరాలకే ఆ తేడా పడుతుంది. తెలుగులో దాదాపు ప్రతి అక్షరానికీ పడుతుంది. తలకట్టు చూడండి. దాని పొడుగు గీత ముందే కుడికి వాలి ఉంటుంది, ఇంకా తోస్తే పడుకుంటుంది.

ఇక మీ ‘స్ట్రై’. స కింద ట వత్తు, క్రావడి, ఐత్వం కింది ముక్క, పైన ఎత్వం. స్క్యూ కొట్టగానే బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) కిందివన్నీ ఎడమకు జరుగుతాయి, పైది కుడికి జరిగి పక్క అక్షరం నెత్తిన ఎక్కుతుంది. చదవలేకపోతున్నామని జనం అనేది ఇందుకే. ఆ తప్పును కోణం మీద వేయడం అన్యాయం.

రామభద్ర, పొన్నాల లాంటి లావు ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా దొరుకుతాయి గానీ వాటికి వాలు రూపం లేదు. కాబట్టి ఆ అయిదారు అక్షరాలు చేత్తో గీయాల్సిందే. వాలు 8 నుంచి 10 డిగ్రీలు దాటనివ్వకండి. వత్తులను వాలుకు వదలకుండా కుడికి లాగి అక్షరం నడుమకు తెండి. మూలలు బయటి అంచున కోయండి, లోపలి ఖాళీని మాత్రం ముట్టుకోకండి. ‘ప’ ఎడమ కొస తెరిచే ఉండాలి, ‘వ’ ఎడమ చుట్టు మూసుకునే ఉండాలి. పెయింటర్ అన్న భయపడేది అక్కడే, ఆ భయం సరైనదే.

ఈ అక్షరాలు జట్టు పేరుకే. తేదీ, మైదానం, ఫోన్ నంబరు మామూలు నిటారు అక్షరాల్లో పెట్టండి. పక్కన నిటారుగా ఉన్నవి ఉంటేనే వాలినదానికి వేగం కనిపిస్తుంది. ఫ్లెక్సీ అంతా వాల్చేస్తే ఏదీ పరుగెత్తదు.

అనంతపురం డిజైనర్
‘స్ట్రై’ గీసి చూశాను సార్. వత్తులు కుడికి లాగాక నిలబడింది. కానీ జెర్సీ ఛాతీ మీద మూడు అంతస్తులు పట్టడం లేదు, అక్షరం బాగా చిన్నదవుతోంది.

ప్రొద్దుటూరు ఫాంట్లు
ట వత్తును క్రావడి వంపులో ఇమిడ్చి, రెండూ ఒకే వరసలో వచ్చేలా చూడండి. ఐత్వం కింది ముక్క ఎత్తు తగ్గించండి, తీసేయడం మాత్రం వద్దు. తీసేస్తే ‘స్ట్రె’ అవుతుంది.

కర్నూలు పెయింటర్
పేరు వరకు ఒప్పుకుంటాను. గుడి తిరునాళ్ల బోర్డుకు, పెళ్లి ఫ్లెక్సీకి ఇవే అక్షరాలు తెస్తే మాత్రం ఒప్పుకోను. పరుగు లేని చోట ఆ వాలు ఎందుకు? తమ్ముడూ, ప్రింటింగ్‌కు ఇచ్చే ముందు కాగితం మీద అసలు సైజులో తీసి గోడకు అంటించు. వీధి అవతల నిలబడి, మన పనిలో లేనివాళ్లెవరినైనా పిలిచి చదివించు.