అప్‌డేట్: రెండు పాచికల లెక్క తేలింది

రెండు పాచికలు వేస్తే మొత్తం 8 వచ్చిందని తెలిసింది, వాటిలో కనీసం ఒకటి 5 అయ్యే సంభావ్యతకు 36తో ఎందుకు భాగించకూడదు అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మీరన్నట్టు ఫార్ములా పక్కన పెట్టి 36 జతలూ కాగితం మీద రాశాను. మొత్తం 8 అయ్యేవి ఐదే: (2,6), (3,5), (4,4), (5,3), (6,2). మిగతా 31 కొట్టేస్తే, 5 ఉన్నవి రెండు. అంటే 2/5. హారం ఎందుకు మారుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు!

తిప్పి అడిగితే, అంటే కనీసం ఒక 5 ఉందని ముందే తెలిస్తే, 5 ఉన్న జతలు 11 కాబట్టి మొత్తం 8 అయ్యే సంభావ్యత 2/11. పైన అదే 2, కింద మాత్రం వేరు.

అన్నట్టు, మొత్తం 7 అని చెప్పినా చెప్పకపోయినా మొదటి పాచిక 3 అయ్యే అవకాశం 1/6 మాత్రమే. స్వతంత్ర ఘటనలంటే ఇవే. 8 అని చెబితే మాత్రం 1/5 అవుతుంది.