హైస్కూల్ పిల్లకాయలకు డ్రగ్స్, మందు మీద ఏ వీడియో చూపించాలి?

కావలి బయాలజీ టీచర్:
కావలి పక్కన జడ్పీ హైస్కూల్లో పని చేస్తున్నాను. తొమ్మిది, పది క్లాసులకు మత్తుపదార్థాల మీద వీడియో వేసే పని హెచ్చెమ్ గారు నాకు అప్పజెప్పారు. ప్రొజెక్టర్ ఉంది. యూట్యూబ్‌లో చూస్తే అన్నిటిదీ ఒకటే మూస: ఏడుపు మ్యూజిక్, సూదులు, పుర్రె, ఆఖర్న పాడె. ఒకటి వేసి చూశాను. పుర్రె రాగానే వెనక బెంచీ నుంచి ఈల. అయిపోయాక ఒకడొచ్చి "అంత కిక్కు ఉంటదా మేడమ్?" అన్నాడు! కథంతా ఏదో సిటీ పబ్బులో. మా పిల్లకాయలకు పబ్బేంది? వీళ్ళకు ఎదురయ్యేది తిరునాళ్ళలో పెద్ద పిల్లలు పోసిచ్చే బీరు, తోటలో చేతులు మారే గంజాయి, మత్తుకు పీల్చే వైట్‌నర్ సీసా. తెలుగులో పనికొచ్చేది ఏదన్నా ఉంటే చెప్పండి.

ఒంగోలు కౌన్సెలర్:
పుర్రెల వీడియోలు పక్కన పెట్టేయండి మేడమ్. భయపెట్టినంత మాత్రాన పిల్లలు మానరని ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగం నివారణ ప్రమాణాల్లోనే ఉంది. అమెరికా ప్రభుత్వం 1998 నుంచి డ్రగ్స్ వద్దనే ప్రకటనల మీద వంద కోట్ల డాలర్లకు పైగా పోసింది. పిల్లల వాడకం వాటివల్ల తగ్గలేదని 2006లో అక్కడి ఆడిట్ సంస్థే చెప్పింది.
ఐదు నిమిషాల క్లిప్ చాలు. స్నేహితుడు గ్లాసు చేతికిచ్చే చోట ఆపేయండి. "ఇప్పుడు వీడు ఏమనాలి?" అని అడగండి. "చెడు అలవాటు మిత్రమా" అని పుస్తకం భాషలో చెప్తే ఒప్పుకోవద్దు. మా దగ్గర ఒకడు "మా నాయన వాసన పసిగడతాడు, నన్నొదిలెయ్‌రా" అన్నాడు. అదీ కావాల్సింది. ఇద్దరిద్దరిని నిలబెట్టి అనిపించండి. అసలు పని అప్పుడు జరుగుతుంది, తెర మీద కాదు.

పాత అక్షరదీపం వాలంటీర్, నెల్లూరు:
అమ్మా, మన జిల్లాలో అక్షరదీపం అని పెద్దలకు చదువు చెప్పే ఉద్యమం నడిచిన రోజుల్లో నేను రాత్రిబడి నడిపాను. మన జిల్లా దూబగుంటలో రోసమ్మ, తక్కిన ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన సంగతి మా వాచకంలో పాఠంగా వచ్చింది. లాంతరు కింద అది చదువుతుంటే "అది మనకాడ కుదరదా?" అని మొదలయ్యేది. 1992లో ఆ సారా పోరాటం జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం. పక్క ఊరి మనుషులు కాబట్టే పట్టుకుంది. మీ పిల్లల చేతికే ఫోనిచ్చి, మీ ఊరి బడ్డీకొట్టు దగ్గరే కథ తీయించండి. సిగరెట్ ముట్టించే షాట్ మాత్రం వద్దు, దానికోసమే పోటీ పడతారు!

ఒక తండ్రి, కందుకూరు:
నీతులన్నీ పిల్లలకేనా? అమ్మేవాడి సంగతో? మైనర్‌కు మందు, మత్తు ఇచ్చినవాడికి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. ఆ ముక్క పేరెంట్స్ మీటింగులో వేయండి. మా ఇళ్ళల్లో ఫంక్షన్ వస్తే "కొంచెం రుచి చూడరా" అనేది మా బావమరుదులే.

కావలి బయాలజీ టీచర్:
సార్, ఫోన్‌తో తీయించే ఐడియా మా పదో తరగతి వాళ్ళకు అప్పుడే చెప్పేశాను. హీరో ఎవరని కొట్టుకుంటున్నారు. ఒక టెన్షన్ ఉంది. వీడియో అయ్యాక ఎవడన్నా నా దగ్గరకొచ్చి "మా అన్న తాగుతాడు" అనో, "నేనే పీలుస్తున్నా" అనో అంటే?

ఒంగోలు కౌన్సెలర్:
అందరి ముందు చెయ్యెత్తించొద్దు, పేర్లు రాయించొద్దు. విడిగా కూర్చోబెట్టి పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో తిట్టొద్దు. మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446 నంబరు బోర్డు మూల రాసి ఉంచండి, ఫోన్ ఉచితం. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం ఆ పిల్లాడి పేరు ఎత్తకండి.