కాటుక పడని కళ్ళకు కాటుక మానెయ్యడమే దారా?

మువ్వలసవ్వడి (విజయవాడ)
నా వయసు 57. కూచిపూడి నేర్పుతాను, ఇప్పటికీ వేదిక ఎక్కుతాను. ఒకప్పుడు మధ్యాహ్నం వేసుకున్న మేకప్ అర్ధరాత్రి దాటాక కడుక్కున్నా కళ్ళకు ఏమీ అయ్యేది కాదు. ఈమధ్య అలంకరణ పూర్తి కాకముందే మంట మొదలవుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగి కాటుక చెంప మీదికి జారుతోంది. మర్నాడు లేచేసరికి రెప్పలు అంటుకుపోయి ఉంటాయి. పై రెప్పల మీద చర్మం ఎర్రబడి పొట్టు లేస్తోంది. ఖరీదైన బ్రాండ్లు కూడా కొని చూశాను, తేడా లేదు.

కంటి డాక్టరు చూశారు. నెలసరి ఆగిపోయాక చాలామందికి కళ్ళు పొడిబారతాయట. రెప్పల అంచున నూనె ఊరే గ్రంథులు కూడా మూసుకుపోతున్నాయని చెప్పి చుక్కలు రాశారు. కాటుక తగ్గించమన్నారే కానీ మానమనలేదు. రోజూ పెట్టుకునేవాళ్ళు, నాలాగా వేదిక కోసం వేసుకోక తప్పనివాళ్ళు ఏం మార్చుకున్నారో చెప్పండి. "మానెయ్యి" అనే సలహా ఇంట్లోనే కావలసినంత దొరుకుతోంది, ఇక్కడ వద్దు.

అవనిగడ్డ అత్తయ్య
మానెయ్యాల్సింది కాటుకను కాదమ్మా, బజారు కాటుకను. తెల్ల నూలుబట్టను గుంటగలగరాకు రసంలో తడిపి నీడన ఆరబెట్టు. రెండుమూడుసార్లు అలా తడిపి ఆరబెట్టి ఒత్తి చేసుకో. ఆముదం దీపం వెలిగించి, గాలి ఆడేలా ఇటుకల మీద ఇత్తడి పళ్ళెం బోర్లించు. తెల్లారి ఆ మసి గీకి, ఆవునెయ్యి చుక్క వేసి నూరుకుంటే అదే కాటుక. మా అత్తగారు ఎనభై దాటినా ఇదే పెట్టుకునేది, కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేది. ఈ పెన్సిళ్ళలో ఏం కలుపుతారో ఆ దేవుడికే తెలియాలి.

మందులషాపు పద్మ (హనుమకొండ)
అత్తయ్యగారూ, ఆమెకు బాధ ఏ కాటుక వల్ల వచ్చిందన్నది ఒక్కటే కాదు, ఎక్కడ పెడుతున్నారన్నది కూడా చూడాలి. కన్నీటి పైన పలచని నూనె పొర ఉంటుంది. అది లేకపోతే కన్నీరు త్వరగా ఆవిరైపోతుంది. ఆ నూనె గ్రంథుల నోళ్ళు రెప్ప అంచునే, వెంట్రుకలకు లోపలి వైపున ఉంటాయి. మనవాళ్ళు కాటుక దిద్దేది సరిగ్గా వాటి మీదే. పాతికేళ్ళ వయసులో నూనె బాగా ఊరుతుంది కాబట్టి తట్టుకుంటాం. యాభై దాటాక ఊరేదే తక్కువ, ఉన్నది చిక్కబడుతుంది. దాని మీద మసి, నెయ్యి వేస్తే ఇంకేముంది? ఇంటిదైనా బజారుదైనా మూసుకుపోవడం ఒకటే.

మువ్వలసవ్వడిగారూ, గీత వెంట్రుకలకు బయటి వైపు గీయండి. లోపలి అంచు వదిలెయ్యండి. పొద్దున్నే శుభ్రమైన బట్టతో గోరువెచ్చని కాపడం పెట్టి రెప్ప అంచులు మెల్లగా తుడవండి. మెరుపులున్న ఐషాడో వద్దు, ఆ రేణువులు రాలి కంట్లో పడతాయి. వాటర్‌ప్రూఫ్ అసలు వద్దు, అది తియ్యడానికి రుద్దే రుద్దుడుకే సగం చర్మం పోతుంది.

గోదారిగట్టు
ఆముదం చలవ. మా అమ్మమ్మ కూడా అదే అనేది.

అవనిగడ్డ అత్తయ్య
బజారుదీ ఇంటిదీ ఒకటేనా? బజారు దాంట్లో సీసం ఉందని పేపర్లలో రాశారు. నా ఆముదం దీపంలోకి సీసం ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు అది చెప్పు పద్మా.

మందులషాపు పద్మ
మీ దీపంలో సీసం ఉందని నేను అనలేదు. సీసం బాధ ముఖ్యంగా సుర్మాతో. రాయి పొడి చేసి అమ్మే సుర్మాలో చాలావరకు ఉండేది సీసపు ఖనిజమే. మన దేశంలో సౌందర్య సాధనాల్లో వాడే రంగుల్లో సీసం 20 పి.పి.ఎం. (అంటే పది లక్షల పాళ్ళలో 20 పాళ్ళు), ఆర్సెనిక్ 2 పి.పి.ఎం. మించకూడదని నియమం. పేరూ ఊరూ లేని డబ్బాలను ఎవరు పరీక్షిస్తారు? ఇంటి కాటుకతో చిక్కు వేరే. అందులో పాడవకుండా ఆపే నిలవ మందు ఉండదు. నెయ్యి మక్కిపోతుంది, రోజూ వేలు ముంచుతాం, నెలల తరబడి అదే భరిణె. కొందరు చలవ అని కర్పూరం కూడా కలుపుతారు, పొడి కళ్ళకు అది మంటే.

అవనిగడ్డ అత్తయ్య
అంటే సీసం లేదని ఒప్పుకున్నట్టే కదా. నేను అడిగింది అదొక్కటే.

లెక్కల మాస్టారు
అమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఈ వయసులో ఇదంతా అవసరమా? గురువు స్థానంలో ఉన్నవారికి అభినయం ముఖ్యం, కాటుక కాదు. పిల్లలతో చేయించి మీరు తాళాలతో నట్టువాంగం పడితే సరిపోతుంది. శరీరం చెప్పే మాట వినాలి.

ఎడిసన్ ఉష (న్యూజెర్సీ)
నాదొక ప్రశ్న. మువ్వలసవ్వడిగారూ, జుట్టుకు రంగు వేస్తారా? రెప్పల మీద పొట్టు లేస్తోందన్నారు కదా, అందుకు అడుగుతున్నా. నాకూ రెప్పలే వాచేవి, నెత్తి మీద ఏమీ ఉండేది కాదు. ఐలైనర్లన్నీ పారేసినా తగ్గలేదు. చివరికి చర్మవైద్యురాలు వీపు మీద ప్యాచ్ టెస్టు (ఏది పడదో చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేసి, హెయిర్ డైలో ఉండే పి.పి.డి. అనే రసాయనం పడటం లేదని తేల్చారు. ఒంట్లో అన్నిటికన్నా పలచని చర్మం రెప్పలదే కాబట్టి తలకు రాసింది, గోళ్ళకు వేసింది కూడా ముందు అక్కడే బయటపడుతుందట. ఏళ్ళ తరబడి పడినది ఉన్నట్టుండి పడకపోవడం మామూలేనట. గోళ్ళరంగు కూడా చూసుకోండి.

మువ్వలసవ్వడి
మాస్టారూ, ఆఖరి వరసలో కూర్చున్నవాళ్ళకు కన్ను కనిపించకపోతే అభినయం ఎక్కడ చూస్తారు? చెయ్యి వెళ్ళిన చోటికి చూపు వెళ్ళాలని పిల్లలకు మొదటి ఏడాదే నేర్పుతాం. ఎనిమిది దృష్టి భేదాలున్నాయి. వాటిలో సాచి అంటే తల తిప్పకుండా కడకంటితో చూడటం. వేదిక దీపాల కింద కన్ను గీత లేకుండా అది చేసి చూడండి, మొహం మీద ఏమీ తెలియదు. ఇది సోకు కాదు, నా పనిముట్టు. మీరు 60 దాటాక ట్యూషన్లు మానేశారా? సుద్దముక్క పొడికి దగ్గు వస్తోందని ఎవరైనా "ఈ వయసులో లెక్కలెందుకు" అన్నారా?

లెక్కల మాస్టారు
నేను మంచికే చెప్పాను.

తుంగభద్ర
మంచికి చెప్పేవాళ్ళందరూ ఆడవాళ్ళ వయసు దగ్గరే ఎందుకు ఆగిపోతారో. మా ఆయన పోయాక నేను కాటుక పెట్టుకుంటే వీధిలో ఇదే "ఈ వయసులో అవసరమా". నాకు కళ్ళు బాగానే ఉన్నాయి, పడనిది వాళ్ళకే.

మందులషాపు పద్మ
తుంగభద్రగారూ, బాగా అడిగారు. కానీ ఇక్కడ విషయం కళ్ళ జబ్బు, దాన్ని వదలొద్దు. ఇంకో మాట, రెప్ప అంటుకుపోతున్నంత కాలం పాత మస్కారా వాడొద్దు. తెరిచిన మూడు నెలలకు పారెయ్యడమే. మీ దగ్గర వార్షికోత్సవాలకు పిల్లలందరికీ ఒకే బ్రష్‌తో దిద్దుతారా? అలా అయితే ఒకరి కళ్ళకలక అందరికీ అంటుతుంది. ఇంటి కాటుక మంచిదని చెప్పి పసిపిల్లల కళ్ళలో కూడా పెట్టేవాళ్ళున్నారు. షాపులో కూర్చుని ఎన్ని చూశానో.

అవనిగడ్డ అత్తయ్య
ఆ చివరి మాట నన్నే అన్నావు. అను. మా కోడలూ అలాగే అనుకుంది. మనవడు పుట్టాడని కాటుక తీసి, వెండి భరిణెలో పెట్టి డాలస్ పంపాను. అక్కడ పిల్లల డాక్టరు "ఇండియా నుంచి కాజల్ ఏమైనా వాడుతున్నారా" అని అడిగాడట. అంతే, చెత్తబుట్టలో వేసింది. భరిణెతో సహా! నాతో ఒక్క మాట లేదు, మావాడు నోరు జారితే తెలిసింది. నేను పెంచిన ముగ్గురికీ కాటుక పెట్టాను, ఒక్కరికి కన్ను పోయిందా? నా చేతిలో విషం ఉన్నట్టు చూస్తారేమిటి మీరంతా?

ఎడిసన్ ఉష
అత్తయ్యగారూ, ఇక్కడ డాక్టర్లు ఆ ప్రశ్న చాలామంది భారతీయులను అడుగుతారు. కోల్‌ను, అంటే మన కాటుక, సుర్మాల లాంటివాటిని, సౌందర్య సాధనాల్లో రంగుగా వాడటానికి అమెరికాలో అనుమతి లేదు, పిల్లల రక్తంలో సీసం గురించి వాళ్ళకు భయం. మీ కాటుకలో సీసం లేదని ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? భరిణె పారేయడం మాత్రం అన్యాయం. అది కడిగి దాచొచ్చు.

అవనిగడ్డ అత్తయ్య
ఫోన్ చేసి అడిగితే తెలిసేది.

మందులషాపు పద్మ
మీ బాధ నాకు అర్థమైంది. నా బాధ కూడా వినండి. మా అమ్మకు ఒక రాత్రి కన్ను ఎర్రబడి, తల పగిలిపోయేంత నొప్పి, వాంతి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయంది. ఇంట్లో పెద్దవాళ్ళు "కొత్త కాటుక పడలేదులే, రోజ్‌వాటర్ వెయ్యండి" అన్నారు. అది కంటి లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోవడం. గంటల్లో దవాఖానకు పోవాలి. మేం తీసుకుపోయింది మర్నాడు సాయంత్రం. ఆ కన్ను పోయింది. మీ కాటుక చెడ్డదని నా గొడవ కాదు. కంటికి ఏం వచ్చినా కాటుక దగ్గరే మొదలై కాటుక దగ్గరే ముగిసిపోతుంది చూడండి, దానితో నా గొడవ.

నిర్వాహకులు
తిట్లు లేవు కాబట్టి తొలగించడం లేదు. ప్రశ్న మువ్వలసవ్వడిగారిది అని మాత్రం గుర్తుచేస్తున్నాం.

అవనిగడ్డ అత్తయ్య
అయ్యో. ఇంతసేపు ఆ మాట చెప్పకుండా పి.పి.ఎం.లు లెక్కపెట్టావేమే తల్లీ.
అయినా ఆరోగ్యంగా ఉన్న కంటికి నా కాటుక పెట్టొచ్చనే అంటాను.

మందులషాపు పద్మ
వెంట్రుకలకు బయట పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

అవనిగడ్డ అత్తయ్య
బయట పెడితే దాన్ని కాటుక అనరు.

మువ్వలసవ్వడి
ఉషగారూ, ఆలస్యంగా జవాబిస్తున్నాను. మీ ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. రంగు వెయ్యను, నల్ల మెహందీ పొడి పెడతాను. ఆకే కదా.

ఎడిసన్ ఉష
గోరింటాకు ఒక్కటే అయితే జుట్టు ఎర్రబారుతుంది. నల్లగా వస్తోందంటే ఇంకేదో కలిసినట్టే. నీలి ఆకు కావచ్చు, కానీ చాలా ప్యాకెట్లలో పి.పి.డి. ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో పారాఫెనిలీన్ డయామిన్ అని ఉందేమో చూడండి. ఎప్పుడు పెడతారు?

మువ్వలసవ్వడి
ప్రదర్శనకు ముందు రోజు! తెల్లవెంట్రుకలు కనబడకుండా. ఇప్పుడే ప్యాకెట్ తిప్పి చూశాను, ఉంది. మేకప్ వేసుకునే రోజూ మంట వచ్చే రోజూ ఒకటే కావడంతో తప్పంతా కాటుక మీదికే పోయింది.

మందులషాపు పద్మ
ఇది నాకు తట్టనే లేదు. కానీ పొడి కళ్ళు డాక్టరే చూసి చెప్పారు కాబట్టి రెండూ ఉండొచ్చు, కాపడం ఆపకండి. పొట్టు సంగతి చర్మవైద్యులకు చూపించండి, ఆ ప్యాకెట్ వెంట తీసుకెళ్ళండి. మెడికల్ షాపులో దొరికే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ సొంతంగా రెప్పలకు రాయొద్దు. కంటి ఒత్తిడి పెరుగుతుంది. షాపు నడిపినదాన్నే చెబుతున్నాను. అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరికితే అప్పుడు, ఈలోగా మాత్రం ఆ పొడి వద్దు.

మువ్వలసవ్వడి
కార్తీక మాసంలో సత్యభామగా ప్రదర్శన ఉంది. తలకు ఏమీ పెట్టకుండా, గీత బయటే గీసి వేదిక ఎక్కుతాను. తెల్లజుట్టు కనబడకుండా ఎలాగూ సవరం, పూలజడ ఉంటాయి. పాపిట దగ్గర తెల్లగా కనబడితే కనబడనీ. మా పిల్లలకు ఎవరి బ్రష్ వాళ్ళే తెచ్చుకోమని ఈ రోజే చెప్పాను.

తుంగభద్ర
తెల్లజుట్టుతో సత్యభామా? టికెట్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

లెక్కల మాస్టారు
ప్రదర్శన ఏ ఊళ్ళో?

గోదారిగట్టు
అత్తయ్యగారూ, గుంటగలగరాకు మా అపార్ట్‌మెంట్‌లో కుండీలో పెంచుకోవచ్చా? కాటుకకు కాదు, తలనూనెకు.

అవనిగడ్డ అత్తయ్య
బాగా వస్తుంది. చెరువు గట్ల మొక్క, మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. తెల్లపూలు పూసేది చూసి తెచ్చుకో.