సమస్య: "పడవ నిలిచియుండెఁ బారె గట్టు" – పూరణలు పంపండి

నిర్వాహకుడు:
పోయిన ఆదివారం మా ఇంటిల్లిపాదీ, పిల్లలతో కలిపి పదకొండు మందిమి, దిండి రేవులో పడవెక్కి వశిష్ఠ గోదావరి మీద రెండు గంటలు తిరిగొచ్చాం. పులిహోర, దొండకాయ వేపుడు, మజ్జిగ అన్నీ పడవలోనే. ఈ సమస్య అక్కడే పుట్టింది. ఎలా పుట్టిందో ఇప్పుడు చెప్పను, చెబితే పూరణ నేనే ఇచ్చేసినట్టవుతుంది.

ఇది ఆటవెలదిలో చివరి పాదం; పై మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తిచెయ్యడమే పూరణ. అయిదూ సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల లయ ముక్కలు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన జోడీ) ప-బా. నిలిచింది పడవ, పారింది గట్టు; ఈ పొసగని మాటను పొసగేలా చెప్పాలి. దయచేసి "కలగంటిని" అని మాత్రం తప్పించుకోకండి. అవధానంలో కూడా, సమస్య ఇచ్చే పృచ్ఛకుడికి అన్నిటికన్నా నీరసం తెప్పించే పూరణ అదే.

వైనతేయ:
అమ్మ యొడిని నుండి యద్దరిం గనుచును
పాప పలికె నిట్లు పరవశించి
చెట్లు కదిలిపోయెఁ జేయూపుమా తాత
పడవ నిలిచియుండెఁ బారె గట్టు

నిర్వాహకుడు:
అక్కయ్యా, పట్టేశారు! మా మనవరాలు అన్నది సరిగ్గా ఇదే. "తాతా, మనం ఇక్కడే ఉన్నాం, కొబ్బరిచెట్లు ఊరెళ్ళిపోతున్నాయి" అంది, నేను నిజంగానే వాటికి చెయ్యూపాను. యతులన్నీ బాగున్నాయి, చె-జే కూడా. ఒక్క చోటే ఇబ్బంది. "ఒడిని నుండి" అంటే ఒడిలో ఉండి అని మీ ఉద్దేశం, కానీ చదివేవాళ్ళకి ఒడిలోంచి అని తోస్తుంది. "ఒడినిఁ జేరి" అంటే గణం మారదు, అనుమానమూ ఉండదు.

వైనతేయ:
నిజమేనండి, మార్చుకుంటాను.

కడియం మొక్క:
సెల్లుఫోనులోనఁ జిత్రించె మాబాబు
మమ్ము బల్లమీఁద మాటలాడ
ఇంటికొచ్చి చూడ నెంత వింతయొ గాని
పడవ నిలిచియుండెఁ బారె గట్టు

నిర్వాహకుడు:
ఇది నాకు తట్టనే లేదు. ఫోను కూడా పడవతోపాటే కదులుతుంది కాబట్టి బల్లా, మీరూ, పడవ అంచూ తెర మీద కదలరు, వెనకాల ఒడ్డు మాత్రం పరిగెడుతుంది. పాప కళ్ళకి అలా అనిపించింది, ఇక్కడ తెర మీద అలాగే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. "ఇంటికొచ్చి" వ్యావహారికం, "ఇంటికేగి" అన్నా సరిపోతుంది. కానీ సెల్లుఫోను ఉన్న పద్యంలో "ఏగి" ఎందుకు, ఉన్నదే ఉంచండి.

పాలకొల్లు బాబాయ్:
దిండి రేవులోన దిగితిమి మేమెల్ల
ఇంజనాగిపోయె నడుమ దారి
పోటు లాగుచుండ బొమ్మలై చూడఁగా
పడవ నిలిచియుండెఁ బారె గట్టు
ఇది మాకు జరిగిందేనండి. గంటన్నర ఉండిపోయాం. లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయి కాబట్టి సరిపోయింది కానీ, 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం గుర్తొచ్చి మా ఆవిడ ఒకటే టెన్షన్, పిల్లాడి జాకెట్ తాళ్ళు మళ్ళీ మళ్ళీ లాగి చూస్తూనే ఉంది.

నిర్వాహకుడు:
అంతా క్షేమంగా వచ్చారు, అది చాలు బాబాయ్ గారూ. ఇక పద్యం. రెండో పాదంలో యతి తప్పింది, "ఇం"కి "న" కుదరదు. "ఇంజనాగిపోయె నేటి నడుమ" అనండి. పోయెను, ఏటి నడుమ. ఇ-ఏ యతి చక్కగా పడుతుంది.

సరంగుగారబ్బాయి:
నాకు ఛందస్సు రాదండి, నీళ్ళ సంగతి తెలుసు. పోటు లాగదు, తోస్తుంది. సముద్రం అంతర్వేది దగ్గరే కాబట్టి పోటు వచ్చినప్పుడు దిండి దాకా నీరు పైకి ఎగదన్నుతుంది. కిందికి లాగేది పాటు. ఇంకోటి, ఇంజన్ ఆగినంత మాత్రాన పడవ నిలిచినట్టు కాదండి. లంగరు వెయ్యకపోతే నీటి వాలుకి కొట్టుకుపోతుంది.

నిర్వాహకుడు:
ఛందస్సు రాదంటూనే అసలు లోపం పట్టుకున్నారు. "పోటు తోయుచుండ" అంటే గణాలు అవే, మాట మాత్రం సరైనదవుతుంది. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పడవ కొట్టుకుపోతుంటే "నిలిచియుండె" అబద్ధం, అప్పుడు సమస్య తీరలేదు. బాబాయ్ గారూ, లంగరును ఎక్కడైనా తీసుకురాగలరేమో చూడండి.

లంక కుర్రాడు:
ఆయ్, లంగరు నా పద్యంలో ఉందండి.
వరద వచ్చి లంక వడివడిం గోయఁగా
లంగరుంచి తాత లాగి కట్టె
కొబ్బరులును నీటఁ గూలెను వరుసగా
పడవ నిలిచియుండెఁ బారె గట్టు
మాది లంక, అంటే గోదావరి మధ్యలో దీవి. 1986 ఆగస్టు వరద గురించి తాత ఎప్పుడూ చెప్పేవారు. ఇంట్లో వాళ్ళందరినీ పడవెక్కించి, లంగరు దింపి, రాత్రంతా పడవలోనే కూర్చున్నారట. తెల్లారేసరికి దొడ్డి లేదు.

నిర్వాహకుడు:
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మేమంతా కంటికి అలా కనిపించిందని సర్దుకుంటుంటే, మీరు గట్టును నిజంగానే పారించారు. లంక నేల ఒండ్రుమట్టి, అడుగున నీరు కోస్తుంటే పైన చెట్టుతో సహా నిలువునా విరిగిపడుతుంది. రెండు పాదాల్లో ఆ పని అంతా జరిగిపోయింది. కొ-గూ యతి కూడా సరే.

కడియం మొక్క:
పద్యం గొప్పగా ఉంది, కాదనను. కానీ మన వైపు గట్టు అంటే ఏటిగట్టు కదా, వరద ఊళ్ళోకి రాకుండా పోసినది. లంకలు ఆ గట్టుకి ఏటివైపున ఉంటాయి. లంకలో కోసుకుపోయేది ఒడ్డు అవుతుంది గానీ గట్టు ఎలా అవుతుంది?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. నిఘంటువులో గట్టుకు ఒడ్డు అనే అర్థం ఉంది, అలా సమర్థించుకోవచ్చు. కానీ గోదావరి వాళ్ళం చదువుతున్నాం కాబట్టి మన వాడుకే ముందు. తమ్ముడూ, ఏమంటారు?

లంక కుర్రాడు:
ఏటిగట్టు కాదండి. మా దొడ్డి చుట్టూ తాత, నాన్నమ్మ తట్టలతో మట్టి మోసి మోకాలెత్తున ఓ గట్టు వేసుకున్నారు, ఏటా వరద తీశాక మళ్ళీ మెత్తేవారు. దాని మీదే కొబ్బరిచెట్లు. ఆ గట్టేనండి పారింది.

కడియం మొక్క:
అయితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క అక్షరం మార్చకండి.